సింగపూర్ నాన్‌యిన్: గుడి పాటా, కచేరీ పాటా?

ప్రశ్న (తంత్రి): ఆగ్నేయ చైనాలోని ఫూజియన్ నుంచి వలస వచ్చిన హొక్కియెన్ వాళ్ల సంప్రదాయ సంగీతం నాన్‌యిన్ ఈమధ్య వింటున్నాను. పిపాను (వీణలాంటి చైనా తీగవాద్యం) నిలబెట్టకుండా ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటున్నారేం? ఇది భక్తి సంగీతమేనా? మాండరిన్ మాత్రమే వచ్చిన పిల్లలు పాడితే ఏదో తేడాగా ఉంటోంది, ఎందుకు?

రాగమాలిక: అడ్డంగా పట్టడం చైనాలో టాంగ్ వంశం (7-10 శతాబ్దాలు) నాటి పద్ధతి. నాలుగు తీగలు, శ్రుతి రి-ప-ద-పైరి అనుకోండి, స-ను పాశ్చాత్య సి (C) గా తీసుకుంటే. పిపా పాట ఎముకలు మాత్రమే మీటుతుంది, మూడు తీగల సాన్‌షియెన్ దాన్నే కింది స్థాయిలో అనుసరిస్తుంది. డోంగ్‌షియావ్ అనే నిలువు వేణువు, కమానుతో వాయించే రెండు తీగల అర్‌షియెన్ ఆ ఎముకలకు మాంసం పెడతాయి. గాయని చేతిలో ఐదు చెక్కల పైబాన్, మన చిడతల్లాంటిదే. కొత్తవాళ్లు వేణువు అందంగా వినిపిస్తోందని దాని వెంట పడతారు, పిపా వదిలేస్తారు. అక్కడే లయ చెడుతుంది.

గుడిమెట్లు: భక్తి సంగీతం అని ఒక్క మాటలో తేల్చలేం. పాటల్లో ఎక్కువ భాగం విరహం, ఎడబాటు. కానీ నాన్‌యిన్ సంఘాలకు ఇలవేల్పు ఉన్నాడు: లాంగ్‌జున్, అంటే 10వ శతాబ్దంలో చైనాలోని షూ రాజ్యాన్ని ఏలిన మెంగ్ చాంగ్. ఆయనకు వసంతంలో, శరత్తులో పూజ. కచేరీకీ వరస ఉంది: మొదట వాద్యాల మీద వాయించే వరసకృతులు 'ఝి', మధ్యలో పాడే 'చూ', చివర మాటల్లేని వాద్యాల 'పూ'. సింగపూర్ సియోంగ్ లెంగ్ సంఘం 1941 నాటిది. నాన్‌యిన్‌కు యునెస్కో గుర్తింపు 2009లో వచ్చింది, ఎప్పుడో రావాల్సింది.

అచ్చుహల్లు: తేడా నోట్లో ఉంది. పాడాల్సింది హొక్కియెన్ భాషలో చువాన్‌జౌ (ఫూజియన్‌లోని ఊరు) యాస. అందులో మాటలు ప్, త్, క్, మ్‌లతో మూసుకుంటాయి. మాండరిన్‌లో చివర న్, ఙ్ మాత్రమే మిగిలాయి. మనసుకు హొక్కియెన్‌లో 'సిమ్', మాండరిన్‌లో 'షిన్'. ఒక్క అక్షరాన్ని చాలా స్వరాల మీద సాగదీస్తారు కదా: 'సి'ని చివరిదాకా తెరిచే ఉంచి, ఆఖరి స్వరం మీదే పెదవులు మూయాలి. ముందే మూస్తే గొంతు ముక్కులోకి పోతుంది, మూయకపోతే మాటే మారిపోతుంది. 1979లో మాండరినే మాట్లాడాలంటూ సింగపూర్ ప్రభుత్వ ఉద్యమం మొదలయ్యాక ఇళ్లలో ఈ ముగింపులు వినిపించడం తగ్గింది. నొటేషన్ కంటే ముందు పాఠాన్ని మాటలుగా పదిసార్లు చదివించాలి. నాన్‌యిన్ అన్నది కూడా మాండరిన్ పలుకుబడే. హొక్కియెన్ వాళ్ల నోట అది 'లామ్‌ఇమ్', రెండుసార్లూ పెదవులు మూతపడతాయి.