వినికిడి యంత్రంలో కంప్రెషన్ వేగం: మాటలకూ సంగీతానికీ వేర్వేరు అమరికలు అవసరమా?

రెండు చెవులకూ మధ్యస్థాయి వినికిడి లోపం ఉన్నందున ఏడాదిగా నేను వినికిడి యంత్రాలు వాడుతున్నాను. చిన్న శబ్దాలను ఎక్కువగా, పెద్ద శబ్దాలను తక్కువగా పెంచడమే కంప్రెషన్ అనీ, నిష్పత్తి 2:1 అయితే బయటి ధ్వని 10 డెసిబెల్స్ పెరిగినప్పుడు చెవికి 5 డెసిబెల్సే పెరిగి చేరుతుందనీ ఆడియాలజిస్టు వివరించారు. అంతవరకు అర్థమైంది, నా చిక్కంతా పెద్ద శబ్దం ఆగాక యంత్రం తిరిగి కోలుకునే (అంటే తగ్గించిన పెంపును మళ్ళీ మామూలు స్థాయికి తెచ్చే) సమయం దగ్గరే ఉంది.

అది సెకనులో పదో వంతు లోపే ఉండే వేగవంతమైన అమరికలో, పదాల చివర తేలిపోయే ఉకారాలు కూడా స్పష్టంగా వినిపిస్తాయి గానీ, మాటకూ మాటకూ మధ్య ఫ్యాను హోరు ఉబికి వస్తుంది. కచేరీ వింటున్నప్పుడైతే మృదంగంపై దెబ్బ పడిన ప్రతిసారీ తంబుర నాదం అణిగి మళ్ళీ లేస్తుంది (పక్కన కూర్చున్నవారికి ఇది చెప్పి ఒప్పించడం కష్టం). ఒకటి రెండు సెకన్లు తీసుకునే నెమ్మది అమరికలో సంగీతం సహజంగానే ఉన్నా, ఎవరైనా గట్టిగా నవ్విన వెంటనే మనవరాలు మెల్లగా అన్న మాట నాకు అందడం లేదు.

ఈ రెండు అమరికలనూ వాడి చూసినవారు ఎవరైనా ఉంటే, ఆ హోరుకు చెవి అలవాటు పడిందా, పడితే ఎన్ని వారాలు పట్టిందో దయచేసి తెలియజేయగలరా? సంగీతం కోసం తక్కువ నిష్పత్తితో విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టించుకోవడం వల్ల ప్రయోజనం కనిపించిందా?