1,60,000 కిలోమీటర్లు తిరిగిన ఆటోమేటిక్‌కి గేర్ ఆయిల్ మార్చాలా, ముట్టుకోకుండా వదిలేయాలా?

కారు_పిచ్చి:
మా బండి 1,60,000 తిరిగింది, గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారీ మార్చలేదు. పొద్దున్నే స్టార్ట్ చేసి డీ (డ్రైవ్)లో వేస్తే రెండు సెకన్లు చలనం ఉండదు, తర్వాత ధన్‌మని కుదుపుతో కదులుతుంది, వేడెక్కాక మామూలే. ఒక మెకానిక్ ఆయిల్ మార్చమంటాడు, ఇంకొకాయన మారిస్తే ఉన్న గేర్‌బాక్స్ కూడా పోద్ది అంటాడు. ఎవరి మాట వినాలి?

స్టీరింగ్_రాజా:
అస్సలు ముట్టుకోకు బ్రో. మా బావ బండికి మార్పించాం, నెల తిరక్కుండానే రివర్స్ పడటం మానేసింది. పాత ఆయిల్లో క్లచ్ ప్లేట్ల పొడి కలిసుంటది, ఆ గరుకు వల్లే అరిగిన ప్లేట్లు పట్టుకుంటాయి, కొత్తది పోస్తే ఆ పట్టు పోతుంది. అయినా లైఫ్‌టైం ఆయిల్ అన్నాక మార్చడం దేనికి?

గ్రీజు_చేతులు:
రాజా గారూ, మీ బావగారి బండికి ఆయిల్ మార్చాలని అసలు ఎందుకు అనిపించింది? అంతకుముందు ఏమీ లేదా? ఇక లైఫ్‌టైం అన్న మాట నమ్మి చాలామంది మోసపోయారు, గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్ వాళ్ళే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేకపోతే 8 ఏళ్ళకి మార్చమంటారు.

స్టీరింగ్_రాజా:
ఉంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్పీఎం పెరిగేది కానీ బండి లాగేది కాదు.

గ్రీజు_చేతులు:
అదే స్లిప్పింగ్ అండీ. ఎక్కువసార్లు అప్పటికే ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి, నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుద్ది. మీరన్న పొడి సంగతిలో కొంత నిజం లేకపోలేదు, అందుకే గట్టిగా స్లిప్ అవుతున్న బండికి ఆయిల్ మారిస్తే బాగైపోతుందని నేనూ చెప్పను. కానీ అడిగినాయన బండి స్లిప్ అవట్లేదు, పట్టుకోడానికి లేటవుతోంది, ఆయిల్ తక్కువైనా అచ్చం ఇలాగే ఉంటది.

గేర్‌బాక్స్‌కి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) ఉంటే మాన్యువల్లో చెప్పినట్టు లెవెల్ చూడండి (చాలా బండ్లకి ఇంజన్ వేడిగా, ఆన్‌లో ఉండగా చూడాలి, కొన్నిటికి ఆపాక), ఒక చుక్క తెల్లగుడ్డ మీద వేసి వాసన కూడా చూడండి. ఎర్రగా ఉంటే సరే, గోధుమరంగైతే మార్చే టైమ్ దాటింది, నల్లగా మాడు వాసనొస్తే లోపల ప్లేట్లు కాలినట్టే. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే పాన్ విప్పినప్పుడు దాన్లోని అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు ఉండటం మామూలే, మెరిసే ముక్కలుంటే మాత్రం ఆయిల్‌తో అయ్యే పని కాదు.

మారిస్తే మెషీన్ పెట్టి ఫ్లష్ చేయించకండి, డ్రెయిన్ చేసి పోయించండి చాలు. టార్క్ కన్వర్టర్లో (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో పనిచేసే భాగం) పాత ఆయిల్ మిగిలిపోతుంది కాబట్టి ఒకసారికి మూడోవంతు నుంచి సగం దాకానే మారుద్ది, కొన్ని వేల కిలోమీటర్లయ్యాక మళ్ళీ చేయించుకోవచ్చు. ఆయిల్ మాన్యువల్లో రాసిన స్పెక్‌దే ఉండాలి, సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే దాని ఆయిలే వేరు.

కారు_పిచ్చి:
ఇప్పుడే చూశా అన్నా. స్టిక్ మీద కింది గీతకి కూడా తగల్లేదు, రంగు టీ డికాషన్‌లా ఉంది, మాడు వాసన లేదు. గేర్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపు జాయింట్ దగ్గర తడిగా జిడ్డు కనిపిస్తోంది.

గ్రీజు_చేతులు:
దొరికేసింది. ఈ ఆయిల్ ఇంజన్ ఆయిల్లా కాలి తగ్గదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు ఆ లీక్ ఆపించి తర్వాత ఆయిల్ మార్పించండి, అప్పటిదాకా దూరం తిప్పకండి.

స్టీరింగ్_రాజా:
ఈ బండి వరకు ఒప్పుకుంటా. స్లిప్ అయ్యే బండికి మాత్రం నేను చచ్చినా మార్పించను.