వేలి మిషన్‌లో 98 ఉంటే గడ్డలోనూ ఆక్సిజన్ ఉన్నట్టేనా?

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి:
నోటి క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటున్న పెద్దాయనకి హిమోగ్లోబిన్ 8.4 ఉంది. వేలికి పెట్టే మిషన్‌లో మాత్రం 98 చూపిస్తోంది. "ఆక్సిజన్ బాగానే ఉందిగా, రక్తం సంగతి ఎందుకు?" అంటున్నారు ఇంట్లోవాళ్లు. ఆక్సిజన్ సిలిండర్ అద్దెకి తెచ్చి, కరెంటుకి ముందు అరగంట పట్టిస్తే గడ్డ తొందరగా కరుగుతుందని ఇంకొకరి సలహా. ఏది నమ్మాలి?

జవాబు, బరంపురం నుంచి:
రెండూ నమ్మకండి. 98 అంటే ఉన్న హిమోగ్లోబిన్‌లో నూటికి 98 పాళ్లు నిండిందని. బస్సులన్నీ నిండే వెళ్తున్నాయి సరే, డిపోలో ఉన్న బస్సులెన్ని? అది ఆ మిషన్ చెప్పదు. గ్రాము హిమోగ్లోబిన్ మోసేది సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్. 12 గ్రాములుంటే 100 మి.లీ. రక్తంలో 16 మి.లీ., 8.4 ఉంటే 11. మామూలు మాస్కుతో ప్లాస్మాలో (రక్తంలోని నీటి భాగంలో) అదనంగా కరిగేది 1 మి.లీ. కూడా ఉండదు. సిలిండర్ డబ్బులు మిగుల్చుకోండి.

అసలు చిక్కు గడ్డ లోపలుంది. రక్తకేశనాళిక (అతి సన్నని రక్తనాళం) నుంచి 100–150 మైక్రాన్లు, అంటే కాగితం మందం కాస్త దాటగానే ఆక్సిజన్ అయిపోతుంది. ఆ అంచున చావకుండా బతుకుతున్న కణాలతోనే తంటా. రేడియేషన్ డీఎన్ఏని తెంపినచోట ఆక్సిజన్ అంటుకుంటే ఆ దెబ్బ ఖాయమవుతుంది, లేకపోతే అతుక్కుపోతుంది. అలాంటి కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి.

జవాబు, రాయగడ నుంచి:
అందుకే 70 గ్రేలు (రేడియేషన్ డోసు కొలత) ఒక్కసారి కాకుండా రోజుకి 2 చొప్పున 35 రోజులు పెడతారు. నాళం పక్కవి చచ్చేకొద్దీ, ఆకలితో ఉన్న వెనకవాటికి ఆక్సిజన్ అందుతుంది, మర్నాటి డోసుకి అవి దొరుకుతాయి. పండక్కో ఊడ్పులకో వారం ఎగ్గొడితే మిగిలిన కణాలు మళ్లీ పెరిగిపోతాయి. ఒక రోజు తప్పినా ఆ రోజే డాక్టరుకి చెప్పండి, సర్దుబాటు వాళ్లు చూస్తారు.

ఇంకోటి. ఆయన చుట్ట మానారా? అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టి కాల్చడం) అయినా అంతే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటే సగం వదలడానికే నాలుగైదు గంటలు. మామూలు వేలి మిషన్ దాన్నీ ఆక్సిజన్‌గానే లెక్కేసి 98 చూపిస్తుంది! 9 గంటలకి కరెంటు పెట్టుకుని 8కి చుట్ట కాల్చారంటే ఆ రోజు డోసుకి కొంత గండి కొట్టినట్టే.

ప్రశ్న అడిగినవారు:
చుట్ట మానలేదండి, రోజుకి మూడు. మరి రక్తం ఎక్కిస్తే సరిపోతుందా?

జవాబు, బరంపురం నుంచి:
ముందు చుట్ట ఆపించండి, ఖర్చు లేని పని అదొక్కటే. రక్తం ఎక్కించి అంకె పెంచినంత మాత్రాన గడ్డ బాగా లొంగుతుందని తల, మెడ క్యాన్సర్లలో రుజువు కాలేదు. నీరసం, ఆయాసం, రక్తస్రావం చూసి డాక్టరు నిర్ణయిస్తారు. రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ సొంతంగా వేయించొద్దు. 2003లో వచ్చిన జర్మన్ పరిశోధనలో అది వాడినవాళ్ల హిమోగ్లోబిన్ పెరిగింది గానీ క్యాన్సర్ అదుపు తగ్గింది. మన కొండ ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) ఎక్కువ కాబట్టి, ఐరన్ మాత్రలు మొదలెట్టేముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకం తేల్చేది) పరీక్షలు అడగండి.