బోగన్‌విల్లా ముల్లు, పదంలోని ప్రత్యయం: రెండుచోట్లా ‘మార్ఫాలజీ’ ఒకటేనా?

ప్రశ్న

నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి, ఇప్పుడు భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేస్తున్నాను. రెండు చోట్లా మొదటి అధ్యాయాల్లోనే ‘మార్ఫాలజీ’ అన్న మాట ఎదురైంది. తెలుగు పుస్తకాలు మొదటిదాన్ని స్వరూపశాస్త్రమనీ, రెండోదాన్ని పదనిర్మాణశాస్త్రమనీ వేరువేరు పేర్లతో పిలుస్తాయి కాబట్టి ఇంతకాలం నాకు ఈ సందేహం రాలేదు. భూగోళశాస్త్రంలో కూడా భూస్వరూపశాస్త్రం ఉంది.

నా ప్రశ్న ఇది. ఇవన్నీ పేరును మాత్రమే పంచుకుంటున్నాయా, లేక ఆలోచనా పద్ధతి కూడా ఒకటేనా? వృక్షశాస్త్రంలో ఒకేలా కనిపించే రెండు ముళ్ళు నిజానికి వేరువేరు అవయవాలని నేర్పారు. ఇక్కడేమో ‘ఇల్లు’, ‘ఇంటి’ అని వేరుగా కనిపించే రూపాలు నిజానికి ఒకే పదాంశమని, అంటే అర్థం ఉన్న అతిచిన్న భాషాభాగం ఒకటేనని నేర్పుతున్నారు. ఈ రెండు మాటల వెనుక ఒకే తర్కం ఉందని నాకు అనిపిస్తోంది. ఇది సరైన ఊహేనా అని రెండు రంగాలూ తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

జవాబు 1

వృక్షశాస్త్రం బోధించే వ్యక్తిగా నా వైపు నుంచి చెబుతాను. మీ ఊహ సరైనదేనని నా అభిప్రాయం. ఆ మాట చరిత్ర కూడా దానికి అనుకూలంగానే ఉంది. జర్మన్ కవి గోథే ఈ పదాన్ని 1796 నాటికే తన రాతల్లో వాడాడు, 1817 నుంచి అదే పేరుతో తన వ్యాసాలను అచ్చువేశాడు. ఆయనకు కావలసింది అవయవాల జాబితా కాదు. పువ్వులోని రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండకోశం అన్నీ ఆకు అనే ఒకే మూలరూపం పొందిన మార్పులని 1790లోనే వాదించాడు. రూపం మారుతున్నా మారనిదేమిటి అన్నదే ఆయన ప్రశ్న.

ముల్లు సంగతి దగ్గరగా చూద్దాం. గులాబీ కొమ్మ మీది ముల్లును బొటనవేలితో పక్కకు నొక్కితే అది శుభ్రంగా ఊడివస్తుంది, కింద ఒక చిన్న మచ్చ మాత్రం మిగులుతుంది. అది కాండం పైపొరల నుంచి పెరిగినదే కాబట్టి లోపలి నాళాలు అందులోకి వెళ్ళవు, దానికి కణుపుతోనూ సంబంధం లేదు. బోగన్‌విల్లా ముల్లును అలా తీయబోతే ఊడదు, కొమ్మ చీరుకుపోతుంది. అది ఎక్కడ పుట్టిందో గమనించండి. కచ్చితంగా ఆకు గ్రీవంలో, అంటే కొమ్మగా ఎదగవలసిన మొగ్గ ఉండే చోట. అదే మొక్కలో మరో కణుపు దగ్గర, సరిగ్గా అదే స్థానంలో పూలగుత్తి కనిపిస్తుంది. అందువల్ల బోగన్‌విల్లా ముల్లు రూపాంతరం చెందిన కాండం. నాగజెముడు ముల్లు రూపాంతరం చెందిన పత్రం. గులాబీ ముల్లు ఈ రెండూ కాదు. మూడూ గుచ్చుకుంటాయి, మూడింటి పనీ ఒకటే, కానీ నిర్మాణంలో మూడూ మూడు వేరు వస్తువులు.

ఈ భేదానికి 1843లో జీవశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ స్పష్టమైన నిర్వచనాలిచ్చాడు. వాటినే మనం నిర్మాణసామ్యం (పని వేరైనా అవయవం ఒకటే కావడం), క్రియాసామ్యం (అవయవం వేరైనా పని ఒకటే కావడం) అంటున్నాము. గోథే ఊహకు జన్యుశాస్త్రం నుంచి బలం చాలా ఆలస్యంగా వచ్చింది. 1991లో కోయెన్, మేయరోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు పూల అవయవాలను మూడు తరగతుల జన్యువులు నిర్ణయిస్తాయని ప్రతిపాదించారు. ప్రయోగాల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఆ మూడు తరగతులూ పనిచేయకుండా పోతే పువ్వులోని అన్ని వలయాల్లోనూ ఆకులవంటి అవయవాలే ఏర్పడతాయి. నేను ఏటా విద్యార్థులకు ఈ విషయం చెబుతాను, చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే అనిపిస్తుంది.

జవాబు 2

భాషాశాస్త్రం వైపు నుంచి రాస్తున్నాను. ఈ పదాన్ని భాషాధ్యయనంలోకి 1859లో జర్మన్ భాషాశాస్త్రవేత్త ఆగస్ట్ ష్లైషర్ తెచ్చాడు. ఆయనకు వృక్షశాస్త్రంలో మంచి ప్రవేశం ఉండేది. కాబట్టి పేరు తెలిసే, ఆ అర్థంతోనే అరువు తెచ్చుకున్నారు. పేరు కొత్తదే కానీ పని పాతది. పదాన్ని ప్రకృతిగా (మూలరూపంగా), ప్రత్యయంగా విడదీసి, దాదాపు నాలుగువేల సూత్రాల్లో మొత్తం సంస్కృతాన్ని నిర్మించి చూపిన పాణిని చేసినదీ ఇదే.

పైవారు ముల్లుకు పెట్టిన పరీక్షను తెలుగు మాటలకు పెట్టి చూడండి. ‘వేలు’ అన్న రూపాన్ని తీసుకుందాం. చేతివేలు ఒకటి, వెయ్యికి బహువచనమైన వేలు మరొకటి. రాతలోనూ పలుకులోనూ వాటి మధ్య తేడా లేదు. అయితే రెండింటికీ చతుర్థి ప్రత్యయం చేర్చండి. ‘వేలికి ఉంగరం తొడిగాడు’ అంటాము, ‘వేలకు వేలు ఖర్చయ్యాయి’ అంటాము. మొదటి మాటలో ‘లు’ ప్రకృతిలో భాగం, రెండోదానిలో అది బహువచన ప్రత్యయం. పైకి ఒకటిగా ఉన్నవి, పక్కన మరొకటి చేరగానే రెండుగా విడిపోయాయి. దీనికి ఎదురు దిశలో, చేతివేలుకూ చెట్టువేరుకూ బహువచనం ఒకటే, ‘వేళ్ళు’. రెండు వేరువేరు మూలాలు ఒకే రూపంలో కలిసిపోయాయి.

‘ఇల్లు’, ‘ఇంటి’ సంగతి దీనికి ఇంకో ముఖం. ‘కు’, ‘కి’ ఒకే పదాంశానికి సపదాంశాలని, అంటే దాని వేరువేరు రూపాలని ఎందుకంటాము? పోలిక ఉన్నందుకు కాదు. ఇకారం తరువాత ‘కి’, మిగిలిన చోట్ల ‘కు’ వస్తాయి కాబట్టి. వ్యవహారంలో ఈ నియమం సడలిందనేది వేరే విషయం. ఒకటి వచ్చే చోట రెండోది రాకుండా రెండూ కలిసి ఒకే స్థానాన్ని పంచుకుంటాయి. బోగన్‌విల్లాలో ముల్లు, పూలగుత్తి ఒకే గ్రీవస్థానాన్ని పంచుకోవడం చదువుతుంటే నాకు వెంటనే ఇదే గుర్తొచ్చింది. రెండు శాస్త్రాల్లోనూ రూపాన్ని గుర్తుపట్టేది ఆకారాన్ని బట్టి కాదు, స్థానాన్ని బట్టి, పక్కవాటితో ఉన్న సంబంధాన్ని బట్టి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘వేలికి, వేలకు’ ఉదాహరణతో నాకు విషయం బాగా పట్టుబడింది. ఒక్క సందేహం మిగిలింది. ఈ పోలిక ఎంతవరకు చెల్లుతుంది? ఎక్కడ ఆగిపోతుంది?

జవాబు 3

నేను భూస్వరూపాలు చదివినవాణ్ణి. పై రెండు జవాబులూ నాకు నచ్చాయి కానీ, వాటిలో ఒక కారణం మరుగునపడిందని చెప్పక తప్పదు. రూపాల పోలికకు ఉమ్మడి పుట్టుక గానీ ఉమ్మడి పని గానీ లేని సందర్భాలు మా రంగంలో అడుగడుగునా ఉన్నాయి. మైదానంలో నది మెలికలు తిరుగుతుంది. హిమానీనదం ఉపరితలం మీద కరిగిన నీరు కూడా మంచులో అవే మెలికలు తిరుగుతుంది. ఆ రెండింటికీ పూర్వీకులు లేరు, వంశం లేదు, అవి నెరవేర్చే ప్రయోజనమూ లేదు. ప్రవహించే నీటి భౌతిక నియమాలు మాత్రమే ఉన్నాయి. స్ఫటికాలూ అంతే. ఒక ఖనిజపు స్ఫటికం ఎంత చిన్నదైనా, ఎంత వంకరగా పెరిగినా, దాని సంబంధిత ముఖాల మధ్య కోణం మారదు. క్వార్ట్జ్ స్ఫటికాల ఆధారంగా స్టెనో 1669లో ఈ విషయాన్ని చెప్పాడు.

ఈ కారణం జీవుల్లోనూ పనిచేస్తుంది. జంతువు పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, కానీ ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే అవుతుంది. అందుకే పెద్ద జంతువుల ఎముకలు నిష్పత్తిలో మరింత లావుగా ఉండాలని గెలీలియో 1638లోనే వివరించాడు. 1917లో జీవశాస్త్రవేత్త డార్సీ థాంప్సన్ ఈ దారినే చాలా దూరం తీసుకువెళ్ళి, రూపాన్ని చూడగానే వంశచరిత్ర వైపు పరుగెత్తకుండా ముందు బలాలను లెక్కించాలని పట్టుబట్టాడు. భాషలో దీనికి సమానమైనది ఏమైనా ఉందా అన్నది నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

జవాబు 2 రాసినవారు, మళ్ళీ

మంచి ప్రశ్న. దగ్గరగా వచ్చేది వాడుక బరువు. తరచుగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయని 1930లలో జిఫ్ అనే భాషాశాస్త్రవేత్త లెక్కలతో చూపాడు. అయితే ఇది మొగ్గు మాత్రమే. ఎముక విరిగిపోయినట్లు పదం విరిగిపోదు కాబట్టి దీన్ని గెలీలియో నియమంతో సమానం చేయలేము.

పోలిక ఎక్కడ ఆగుతుందన్నదానికి నా జవాబు ఇది. జీవశాస్త్రంలో నేడు నిర్మాణసామ్యం అంటే ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చిన సామ్యమని అర్థం. పదనిర్మాణంలో చరిత్ర అక్కరలేదు. తమిళం ఒక్క ముక్క కూడా తెలియని తెలుగు పిల్లవాడు ‘కు’, ‘కి’లను తప్పులేకుండా వాడతాడు. భాషల మధ్య పోల్చేటప్పుడు మాత్రం చరిత్ర కావాలి. మన ‘చేయి’, తమిళ కన్నడాల ‘కై’ వినడానికి దూరంగా ఉన్నా ఒకే మూలం నుంచి వచ్చాయి. ఇంగ్లీషు ‘బ్యాడ్’, పారసీక ‘బద్’ రెండింటికీ చెడ్డ అనే అర్థమే ఉన్నా వాటికి చుట్టరికం లేదు.

అయినా కొన్నిసార్లు చరిత్ర నేటి రూపంలోనే నిలిచి ఉంటుంది. ‘ఊరు’, ‘ఏరు’ ఒకే తీరు మాటల్లా కనిపిస్తాయి. కానీ ‘ఊరికి’ అంటాము, ‘ఏటికి’ అంటాము. ఆ ‘టి’ ఎక్కడిది? పాత తెలుగులో ఇవి ఒకే రకపు అక్షరంతో ముగియలేదు. ఊరులో మామూలు రేఫ (ర), ‘ఏఱు’లో శకటరేఫ (ఱ) ఉండేవి. తమిళంలో నేటికీ ఊరు మాట చివర మామూలు రకారం, ఏటిని చెప్పే ‘ఆఱు’లో మరో రకారం ఉన్నాయి. మన పలుకులో ఆ ఱకారం సాధారణ రకారంలో కలిసిపోయినా, దాని వల్ల పుట్టిన ‘టి’ మాత్రం విభక్తి ముందు అలాగే నిలిచింది. నిన్నమొన్న వచ్చిన ‘కారు’కు ఆ గతం లేదు కాబట్టి దాన్ని ఎవరూ ‘కాటికి’ అనరు, ‘కారుకు’ అనే అంటారు.