ఫిజిక్స్ టీచరుకి ఏటా 50 గంటల ట్రైనింగ్: పాఠం మారుతోందా, సర్టిఫికెట్లే పెరుగుతున్నాయా?

మధురవాడ ఫిజికల్ సైన్స్ (చర్చ మొదలుపెట్టినవారు)

హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, విశాఖలోనే. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ తీసుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. దానికి నేను వ్యతిరేకిని కాదు, ముందే చెప్పేస్తున్నా. నా బాధల్లా, మనకి అందే గంటల్లో ఎక్కువ భాగం ఏ సబ్జెక్టు వాళ్ళకైనా ఒకటే: బ్లూమ్ వర్గీకరణ (గుర్తుపెట్టుకోవడం, అర్థం చేసుకోవడం లాంటి నేర్చుకునే స్థాయిల జాబితా), తరగతి నిర్వహణ, మూల్యాంకనం రకాలు, డిజిటల్ బోధన. తెలుగు మాస్టారూ నేనూ పక్కపక్కన కూర్చుని అదే పీపీటీ చూస్తాం. ఫిజిక్సులో పిల్లలు ఎక్కడ తడబడతారు, ఎందుకు తడబడతారు అన్న మాట మాత్రం అక్కడ రాదు.

ఒక్క ఉదాహరణ చూడండి. గాజువాక దగ్గర హైవే మీద లారీ వచ్చి ఆటోని గుద్దింది అనుకుందాం. లారీ ఆటో మీద చూపే బలం ఎక్కువా, ఆటో లారీ మీద చూపేది ఎక్కువా? న్యూటన్ మూడో నియమం గడగడా అప్పజెప్పిన పిల్లలే "లారీదే ఎక్కువ సార్, ఆటో నుజ్జయిపోయింది కదా" అంటారు. రెండూ సమానమే, ఆటో ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని త్వరణం ఎక్కువ అని మనం బోర్డు మీద రాసేసి ముందుకెళ్ళిపోతాం, వాళ్ళూ పరీక్షలో అదే రాసేస్తారు, బుర్రలో మాత్రం లారీ బలమే పెద్దదిగా ఉండిపోతుంది. సరిగ్గా ఇలాంటి ప్రశ్నలతోనే 1992లో అమెరికాలో హెస్టెనెస్, ఆయన సహచరులు ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే పరీక్ష తయారుచేశారు. 1998లో రిచర్డ్ హేక్ అలాంటి పరీక్షల ఫలితాలనే 62 కోర్సులకి, 6,542 మంది విద్యార్థులకి తీసి చూశాడు. కోర్సు మొదట్లో తెలియనిదాంట్లో చివరికి ఎంత భాగం వచ్చింది అన్నది ఆయన లెక్క. మామూలుగా లెక్చర్ చెప్పిన తరగతుల్లో సగటు 0.23. పిల్లల చేత ఆలోచింపజేసి, ఒకరితో ఒకరిని మాట్లాడించి, అక్కడికక్కడే తప్పొప్పులు తేల్చిన తరగతుల్లో 0.48.

అంటే ఎలా చెబుతున్నాం అన్నదానితో ఇంత తేడా వస్తోంది. అది పీపీటీ చూస్తే వచ్చే విద్య కాదు. తన క్లాసులో తను చేసి చూడాలి, ఇంకో ఫిజిక్స్ టీచరు వెనక బెంచీలో కూర్చుని గమనించాలి, తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవాలి, మార్చి మళ్ళీ చెప్పాలి. జపాన్‌లో టీచర్లు ఒకరి పాఠం ఒకరు చూసి చర్చించుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఆ సమయాన్ని మన 50 గంటల్లో లెక్కపెట్టాలి అంటున్నాను. మీరేమంటారు?

ద్వారకానగర్ జేఈఈ

మాస్టారూ, గౌరవంగానే విభేదిస్తున్నా. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను, ప్రైవేటులో. మమ్మల్ని బీఎడ్ అడగరు, పీజీ ఉంటే చాలు, ట్రైనింగ్ అంటూ ఏమీ లేదు. అయినా మా పిల్లలకి రొటేషనల్ మోషన్ వస్తోందంటే చెప్పేవాడికి సబ్జెక్టు వచ్చు కాబట్టే. హైస్కూళ్ళలో అసలు చిక్కు మీరు చెప్పింది కాదు. ఫిజికల్ సైన్స్ అని ఒకే పోస్టు పెట్టి, కెమిస్ట్రీలో పీజీ చేసినాయన చేత కాంతి పరావర్తనం చెప్పిస్తున్నారు. ఆ 50 గంటలూ ఆయన కూర్చుని లెక్కలు చేస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. వెనక బెంచీలో ఎవరో కూర్చుంటే నాకు కొత్తగా ఏం వస్తుంది? అయినా ఉన్న 45 నిమిషాల్లో పిల్లల్ని వాదించుకోమని వదిలేస్తే సిలబస్ ఎప్పటికి అవుతుంది?

అరకు మేడమ్

నా స్కూల్లో ఫిజికల్ సైన్స్‌కి నేనొక్కదాన్నే. పక్క హైస్కూలుకి వెళ్ళాలన్నా వానాకాలంలో కొండ దారిలో సగం రోజు పోతుంది. వెనక బెంచీలో కూర్చునే తోటి టీచర్ని ఎక్కణ్ణుంచి తేవాలి? నగరంలో ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌ని తేలిగ్గా తీసేస్తారు గానీ, ప్రభుత్వం వాళ్ళ దీక్ష యాప్‌లో కోర్సులు, తెర మీదే ప్రయోగాలు చేసి చూసే ఫెట్ సిమ్యులేషన్లు లేకపోతే నాలాంటి వాళ్ళకి ఆ కాస్త ట్రైనింగూ ఉండదు.

కానీ సబ్జెక్టు వారీగా ట్రైనింగ్ కావాలన్న దగ్గర మాత్రం నేను పూర్తిగా మధురవాడ సార్ వైపే. పుస్తకంలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందని ఉంటుంది. అరకు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడ 97 దగ్గరే మరుగుతుంది. మా పిల్లలు రీడింగ్ చూసి "థర్మామీటరు పాడైపోయింది మేడమ్" అన్నారు. పాఠం అక్కడే మొదలవ్వాలి కదా, గాలి పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రత ఎందుకు తగ్గుతుందో అని. కొత్తగా వచ్చిన టీచరైతే తనే కంగారుపడి రికార్డులో 100 అని రాయించేస్తుంది. నేనైతే ఏజెన్సీ టీచర్లకి ఇదొక్కటే విషయంగా ఒక పూట ట్రైనింగ్ పెడతాను.

మధురవాడ ఫిజికల్ సైన్స్

ద్వారకానగర్ గారూ, సబ్జెక్టు లేకుండా ఏదీ లేదు, ఒప్పుకుంటా. కానీ సబ్జెక్టు ఒక్కటే చాలు అంటే, హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్‌కి సబ్జెక్టు రాకనా? ఆయన విద్యార్థులు రెండు లూపుల సర్క్యూట్‌లో కిర్కాఫ్ నియమాలు పెట్టి కరెంటు లెక్కగట్టేసేవారు. స్విచ్ వేస్తే ఏ బల్బు వెలుగు పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అని మాటల్లో అడిగితే తడబడ్డారు. అది గమనించే 1991 నుంచి ఆయన పద్ధతి మార్చాడు. ఒక ప్రశ్న వేసి, ఎవరి జవాబు వాళ్ళని ఎంచుకోమని, తర్వాత పక్కవాణ్ణి ఒప్పించమని, మళ్ళీ అడగడం. దానికి యంత్రాలు అక్కర్లేదు, ఎ బి సి డి అని రాసిన అట్టముక్కలు చాలు. పీరియడ్‌కి ఒక్క ప్రశ్న, ఏడెనిమిది నిమిషాలు. రివిజన్‌లో అదే పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పడానికి పట్టే టైంతో పోల్చండి.

మీ పిల్లలకి ఈ ప్రశ్న వేసి చూడండి. బ్యాటరీకి ఒకేలాంటి రెండు బల్బులు సిరీస్‌లో ఉన్నాయి. రెండోదానికి సమాంతరంగా అలాంటిదే మూడో బల్బు, స్విచ్‌తో. స్విచ్ వేస్తే మొదటి బల్బు ఏమవుతుంది? ఫార్ములా రాయకుండా చెప్పాలి.

భీమిలి రిటైర్డ్ మాస్టారు

బాబులూ, రెండు మాటలు చెబుతాను, కాస్త పొడుగే.

మొదటిది, ట్రైనింగులు దండగ అని మనమే రాసుకుంటే పైవాళ్ళకి కావలసింది అదే. ఉన్నవి కూడా ఎత్తేసి ఫోన్లో వీడియో చూసుకోండి అంటారు. మేము ఇక్కడి డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో) రోజుల తరబడి కూర్చున్నప్పుడు రిసోర్స్ పర్సన్లు చెప్పినదానికన్నా భోజనాల దగ్గర తోటి టీచర్లతో మాట్లాడుకున్నదే నాకు ఎక్కువ పనికొచ్చింది. స్థిర విద్యుత్తు పాఠం సంగతే తీసుకోండి. మన సముద్రపు ఒడ్డు బడుల్లో ఉక్కపోత రోజుల్లో దువ్వెన ఎంత రుద్దినా కాగితం ముక్కలు అంటుకోవు, తేమకి ఆవేశం నిలవదు. పిల్లలు పుస్తకం అబద్ధం అనుకుంటారు. ఆ ప్రయోగం డిసెంబరు, జనవరిల్లో మధ్యాహ్నం పూట పెట్టుకో, వస్తువులు ముందు ఎండలో ఆరబెట్టుకో అని నాకు అక్కడే ఒక తోటి మాస్టారు చెప్పారు. ఏ మాడ్యూల్లోనూ నాకది కనబడలేదు. నలుగురు ఫిజిక్స్ టీచర్లు ఒకచోట కలవకపోతే ఇలాంటివి ఒకరినుంచి ఒకరికి అందవు.

రెండోది మధురవాడ మాస్టారికి. పక్క టీచరు వచ్చి చూడటం బాగానే ఉంటుంది, దాన్ని 50 గంటల్లో లెక్కపెట్టనంత వరకు. లెక్కలో చేర్చిన మర్నాడే దానికో ఫారం వస్తుంది, ఫారంలో మార్కుల గళ్ళు వస్తాయి, ఫొటో తీసి యాప్‌లో పెట్టమంటారు. స్నేహంగా వచ్చినాయన ఇన్‌స్పెక్టర్ అయిపోతాడు. అప్పుడు ఎవరూ కష్టమైన పాఠం చూపించరు, బాగా వచ్చిన పాఠమే నాటకంలా ఆడి చూపిస్తారు. నా సర్వీసంతా ఇదే చూశాను. లెక్కలోకి ఎక్కించొద్దు, చేతులెత్తి అడుగుతున్నా.

గోపాలపట్నం టీచర్

మొదటి బల్బు వెలుగు పెరుగుతుంది. మొత్తం నిరోధం తగ్గి కరెంటు పెరుగుతుంది కాబట్టి. రెండోది తగ్గుతుంది.

ఇక నా మాట. మీ అందరి చర్చా గవర్నమెంటు టీచర్ల చుట్టూనే తిరుగుతోంది. నేను ప్రైవేటు స్కూల్లో ఎనిమిది నుంచి పది వరకు ఫిజిక్స్ చెబుతాను. మాకు ట్రైనింగ్ అంటే జూన్‌లో పుస్తకాల కంపెనీ వాళ్ళు వచ్చి వాళ్ళ పుస్తకం చూపించి వెళ్ళడమే. రోజంతా ఖాళీ పీరియడ్ ఉండదు, ఇంకొకరి క్లాసు చూడటానికి ఎప్పుడు వెళ్తాను? విధానంలో "ప్రతి టీచరూ" అని రాస్తే సరిపోదు, ఆ గంటలకి జీతం ఎవరిస్తారో కూడా రాయాలి. ఈ నగరంలో ప్రైవేటు బడుల్లో చదివే పిల్లలకి కూడా ఫిజిక్స్ రావాలి కదా.

ఎంవీపీ బీఎస్సీ

నమస్తే అండీ, బీఎస్సీ చివరి ఏడాది. ఫిజిక్స్ అంటే ప్రాణం, టీచింగ్ చేద్దామని ఉంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయని మా ఇంట్లో ఆశ పెట్టుకున్నారు గానీ, మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. రెండేళ్ళ బీఎడ్ చేయాలా, ఎమ్మెస్సీ చేసి జూనియర్ లెక్చరర్ వైపు వెళ్ళాలా? ఈ చర్చ చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది.

ద్వారకానగర్ జేఈఈ

తమ్ముడూ, ఎమ్మెస్సీ చెయ్. సబ్జెక్టు గట్టిగా ఉంటే ఏ దారైనా తెరుచుకుంటుంది. కానీ ఒకటి తెలుసుకో, మా వైపు జీతం బాగున్నా ఏడాదంతా అవే అధ్యాయాలు, అదే స్పీడు, రిజల్ట్ తగ్గితే నీ సెక్షన్ మారుస్తారు.

మధురవాడ మాస్టారికి: బల్బు ప్రశ్న మంచిదే. కానీ పిల్లలు తప్పు చెప్పాక ఆ తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడానికి కావలసింది మళ్ళీ సబ్జెక్టే. "బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుంది" అని వాడు అనుకుంటున్నాడని టీచరు గ్రహించాలంటే టీచరుకి ముందు ఆ సంగతి స్పష్టంగా ఉండాలి. నా మాట మీదే ఉన్నాను.

మధురవాడ ఫిజికల్ సైన్స్

ద్వారకానగర్ గారూ, మీరు ఇప్పుడు చెప్పిందే ఫిజిక్స్ టీచరుకి ప్రత్యేకంగా కావలసిన జ్ఞానం. పిల్లవాడు బ్యాటరీ గురించి ఏమనుకుంటున్నాడో ఎమ్మెస్సీ సిలబస్‌లో లేదు. అది క్లాసులో విని, తోటివాళ్ళతో పోల్చి చూసుకుంటేనే తెలుస్తుంది.

బీఎస్సీ బాబూ, దారి ఏదైనా సరే, చేరకముందే ఒక స్కూల్లో కొన్ని నెలలు చెప్పి చూడు. 2030 నాటికి నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీఎడ్ కనీస అర్హత కావాలని ఆ విధానంలోనే ఉంది, అదీ లెక్కలో పెట్టుకో. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్ అని 1984లో ఖండేల్‌వాల్ గారు మొదలుపెట్టిన సంఘం ఉంది. అన్వేషిక అని వాళ్ళ ప్రయోగ కేంద్రాల్లో టీచర్లు చవక సామానుతో ఎంత చక్కటి ప్రయోగాలు చేస్తారో చూస్తే ఈ ఉద్యోగం నీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

భీమిలి మాస్టారూ, మీ భయం నిజమే, అయినా నేను లెక్కలో ఉండాలనే అంటాను. లెక్కలో లేకపోతే హెడ్మాస్టరు పీరియడ్ వదలరు, ఎవరి క్లాసుకీ ఎవరూ వెళ్ళరు, గోపాలపట్నం మేడమ్ లాంటివాళ్ళకి అడిగే హక్కే ఉండదు. ఫారం విషయంలో మాత్రం గట్టిగా పట్టుబడదాం: తేదీ, పాఠం పేరు, ఇద్దరి సంతకాలు, అంతే. మార్కులు వద్దు, ఫొటో వద్దు, చూసినదాని గురించి పైకి రిపోర్టు వద్దు. అరకు మేడమ్, మీరు ప్రయాణం చేయక్కర్లేదు. ఒకే ప్రశ్న నేనిక్కడ, మీరక్కడ వేద్దాం, ఏ జవాబుకి ఎంతమంది చేతులెత్తారో ఫోన్లో మాట్లాడుకుందాం. ఆ గంట కూడా ట్రైనింగే అవ్వాలి.

ఇంకొకటి. ఏడాదిలో ఒక్క రోజైనా ట్రైనింగ్ హాల్లోంచి బయటికి రావాలి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం మన కళ్ళెదుటే ఉంది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకీ దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, బ్యాలస్ట్ ట్యాంకుల్లో నీళ్ళు నింపితే మునుగుతుంది, గాలితో తోసేస్తే తేలుతుంది. తొమ్మిదో తరగతి ప్లవన పాఠం చెప్పేవాళ్ళందరం అక్కడ కలిసి, పిల్లలకి ఏ ప్రశ్నలు వేయాలో రాసుకుని రావచ్చు.

మార్కుల్లేకుండా ఒకరి క్లాసు ఒకరు చూడటం, ఫోన్లో చర్చ, ఏడాదికో రోజు బయట: వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఈ మూడూ రాతపూర్వకంగా ఇస్తున్నాను. సంతకం పెట్టేవాళ్ళు కింద మీ మండలం పేరు రాయండి, ప్రైవేటువాళ్ళు కూడా.

భీమిలి రిటైర్డ్ మాస్టారు

రిటైరైనవాడి సంతకం చెల్లదు గానీ ముసాయిదా రాసిపెడతాను. "మార్కులు వద్దు" అన్న వాక్యం మొదట్లోనే ఉండాలి, చివర్లో పెడితే కత్తిరించేస్తారు.