పర్మిషన్లు పోయిన డైరెక్టరీ: బ్యాకప్‌లో ఉన్నవే తెచ్చి పెట్టాలా, కొత్తగా రాసుకోవాలా?

రాత్రిడ్యూటీ:
ఈ ఉదయం 11 గంటలకు మా టీమ్‌లో ఒకరు లైనక్స్ సర్వర్‌లో రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) ఉండి, షేర్డ్ ప్రాజెక్టుల డైరెక్టరీ మొత్తం మీద చ్‌మోడ్ మైనస్ ఆర్ 755 కొట్టేశారు, అంటే లోపలున్న అన్నిటికీ ఓనరుకి పూర్తి అనుమతి, మిగతా అందరికీ చదివే, నడిపే అనుమతి పెట్టేశారు. లోపలి ఫోల్డర్ ఒక్కదానికి అనుకున్నది పై ఫోల్డర్‌కి పడింది. ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, కానీ ఎవరికి ఏ అనుమతి ఉండేదో ఆ లెక్కంతా పోయింది. జీతాల ఫోల్డర్ ఇప్పుడు అందరికీ తెరుచుకుంటోంది. రాత్రి 2 గంటలకు ఏసీఎల్‌లతో (ఒక్కో యూజర్‌కి, గ్రూపుకి విడిగా ఇచ్చిన అనుమతుల జాబితాలతో) సహా తీసిన టార్ బ్యాకప్ (అన్నీ ఒకే ఫైల్లో కట్టినది) ఉంది, అయితే పొద్దుటి నుంచి చేసిన పని అందులో లేదు. బ్యాకప్‌లోని పర్మిషన్లే తెద్దామని కొందరు, ఎలాగూ పోయాయి కదా కొత్తగా పెట్టుకుందామని కొందరు అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

మూలకారణం:
కొత్తగా పెట్టండి. బ్యాకప్ చెప్పేది నిన్న ఎలా ఉందో మాత్రమే, ఎలా ఉండాలో కాదు. ఏళ్ల తరబడి పేరుకున్న డైరెక్టరీలో ఒకరి అర్జెంటు అవసరానికి పెట్టిన 777లు (ఎవరైనా చదివి, రాయగల అనుమతులు), మానేసి వెళ్లిపోయినవాళ్ల ఎంట్రీలు ఉండే ఉంటాయి. వాటిని మీ చేత్తో మీరే మళ్లీ తెచ్చి కూర్చోబెట్టడం ఎందుకు? ఒక్కో ప్రాజెక్టుకి ఒక గ్రూపు, డైరెక్టరీలకు 2770, ఫైళ్లకు 660 (రెండూ ఓనరుకి, గ్రూపుకి తప్ప బయటివాళ్లకి ఏమీ ఇవ్వవు) అని స్క్రిప్టు రాసుకోండి. రేపు మళ్లీ ఇలా జరిగినా అదే స్క్రిప్టు నడిపితే సరిపోతుంది.

టార్‌బండి:
వాదన తర్వాత, ముందు తలుపు మూయండి. పై డైరెక్టరీ ఒక్కదానికి, మైనస్ ఆర్ లేకుండా, చ్‌మోడ్ 700 (ఓనరుకి మాత్రమే అనుమతి) పెట్టండి. పైన దారి మూస్తే కింద ఎంత తెరిచి ఉన్నా మామూలు యూజర్లు లోపలికి వెళ్లలేరు. జీతాల ఫోల్డర్ గురించి టెన్షన్ అక్కడితో తగ్గుతుంది.

ఇక అసలు విషయం. మూలకారణం గారు చెప్పిన 2770, 660 కొత్త డైరెక్టరీకి బాగుంటాయి. పాతదానిలో మినహాయింపులే ఎక్కువ. ఆడిటర్‌కి చదవడానికి మాత్రమే ఇచ్చిన ఫోల్డర్, ఒక సర్వీస్ అకౌంట్ మాత్రమే రాయాల్సిన ఫోల్డర్, 660 పెడితే ఆగిపోయే స్క్రిప్టులు ఇవన్నీ ఎవరికీ గుర్తుండవు. బ్యాకప్‌కి మాత్రం గుర్తుంటాయి. కాబట్టి పర్మిషన్లు అక్కడి నుంచే తెచ్చుకోవాలి, డేటాని మాత్రం ముట్టుకోకూడదు. టార్‌ని నేరుగా పైన విప్పితే ఇవాళ మార్చిన ఫైళ్ల మీద రాత్రి కాపీలు పడతాయి. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ మైనస్ ఏ కూడా అంతే: సైజు గానీ టైమ్ గానీ తేడా ఉంటే చాలు, ఇక్కడిది కొత్తదైనా పాతదాన్ని తెచ్చి రాసేస్తుంది. పైగా మైనస్ ఏలో ఏసీఎల్‌లు రావు, వాటికి పెద్ద ఏ వేరేగా ఇవ్వాలి.

నేను చేసే పద్ధతి ఇది. బ్యాకప్‌ని పక్కన ఖాళీ డైరెక్టరీలో, రూట్‌గా, ఏసీఎల్స్ ఆప్షన్‌తో విప్పుతాను. అక్కడ నిలబడి గెట్‌ఎఫ్‌ఏసీఎల్ మైనస్ ఆర్ డాట్ (అక్కడున్న అనుమతులన్నీ చూపే కమాండ్) కొట్టి ఒక టెక్స్ట్ ఫైల్లోకి తీసుకుంటాను. ఓనరు, గ్రూపు, సెట్‌జీఐడీ (కొత్త ఫైళ్లకు ఫోల్డర్ గ్రూపే వచ్చేలా చేసేది) లాంటి ఫ్లాగులు అన్నీ అందులో వస్తాయి. తర్వాత అసలు డైరెక్టరీలోకి వెళ్లి జాబితా ప్రకారం అనుమతులు పెట్టే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ రిస్టోర్‌కి ఆ ఫైలిస్తాను, మొదటిసారి ఏదీ మార్చకుండా ఫలితం మాత్రమే చూపే టెస్ట్ ఆప్షన్‌తో. వేరే మెషీన్‌లో విప్పితే టార్‌కి న్యూమరిక్ ఓనర్, గెట్‌ఎఫ్‌ఏసీఎల్‌కి మైనస్ ఎన్ (రెండూ పేర్లకు బదులు యూజర్ నంబర్లే వాడమని చెప్పేవి) తప్పనిసరి. లేకపోతే ఇక్కడి యూజర్ నంబరు 1004, అక్కడి 1004 వేర్వేరు మనుషులైపోతారు.

చేత్తో సరిచేద్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఏసీఎల్ ఉన్న ఫైలు మీద చ్‌మోడ్ కొడితే మధ్య అంకె గ్రూపుకి కాదు, మాస్క్‌కి (విడిగా ఇచ్చిన అనుమతులకు పైహద్దుకి) వెళ్తుంది. గెట్‌ఎఫ్‌ఏసీఎల్‌లో చూడండి: యూజర్ పేరు పక్కన ఆర్‌డబ్ల్యూఎక్స్ (చదవడం, రాయడం, నడపడం) అలాగే ఉంటుంది, దాని పక్కన ఎఫెక్టివ్ ఆర్-ఎక్స్ (నిజంగా పనిచేసేది, రాయడం లేకుండా) అని కనిపిస్తుంది. అనుమతి ఉన్నట్టే ఉంటుంది, ఫైలు మాత్రం సేవ్ కాదు. ఇది పట్టుకోలేక ఒకప్పుడు నేను సగం రోజు పోగొట్టుకున్నాను.

మూలకారణం:
పద్ధతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ రాత్రి 2 నుంచి ఉదయం 11 దాకా ఎవరికైనా యాక్సెస్ తీసేసి ఉంటే? మీ రిస్టోర్‌తో వాళ్లు మళ్లీ లోపలికి వస్తారు. ఫైలు పాతబడితే పని పోతుంది, అనుమతి పాతబడితే రహస్యం పోతుంది. రెండోది తిరిగి రాదు.

టార్‌బండి:
ఇది నేను ఆలోచించలేదు, మీరన్నది నిజం. అందుకే పై 700 చివరిదాకా ఉంచాలి. జాబితాలో మొదటి ఎంట్రీ పై డైరెక్టరీదే, దాన్ని పక్కకు తీసి పెట్టి మిగతావి నడపండి. ఆ తొమ్మిది గంటల్లో యాక్సెస్ మార్పుల కోసం వచ్చిన రిక్వెస్టులన్నీ మళ్లీ అమలు చేశాకే తలుపు తీయండి. అయినా, మొత్తం కొత్తగా రాయడానికి ఇది సమయం కాదనే అంటాను. కంగారులో రాసిన రూల్స్‌లోనే తప్పులు దొర్లుతాయి.

రాత్రిడ్యూటీ:
అలాగే చేశాం, టెస్ట్ కూడా చూసుకున్నాకే. 9:20కి ఒకరికి యాక్సెస్ తీసేసిన రిక్వెస్టు నిజంగానే దొరికింది, దాన్ని మళ్లీ అమలు చేశాం. పొద్దుటి నుంచి కొత్తగా పుట్టిన ఫైళ్లు జాబితాలో లేవు కాబట్టి అవి 755లోనే ఉండిపోయాయి. రెండు చోట్ల ఫైళ్ల పేర్లు పోల్చి వాటిని విడిగా సరిచేశాం. టైమ్ చూసి వెతికితే, పాత తేదీతో కాపీ చేసినవి తప్పించుకుంటున్నాయి.

మూలకారణం గారు అన్నట్టే జాబితాలో ఒక 777 ఫోల్డర్ ఉంది. పేరు లేకుండా ఉత్త నంబరుతో మిగిలిన ఎంట్రీలు కూడా కనిపించాయి, అకౌంటు తీసేసినవాళ్లవి అయి ఉండాలి. ప్రస్తుతానికి అన్నీ ఉన్నవి ఉన్నట్టే తెచ్చాం.

మూలకారణం:
నంబర్లు రేపు చూడొచ్చు, ఆ 777 మాత్రం ఈ రాత్రికే మూసేయండి. నంబరు ఎంట్రీలు కూడా ఎక్కువ రోజులు వదలకండి. కొత్తగా చేరినవాళ్లకి అదే యూఐడీ (యూజర్ నంబరు) వస్తే ఆ ఫోల్డర్లన్నీ వాళ్లకి తెరుచుకుంటాయి.