ఆఫీసులో ఒళ్ళు మండుతున్నప్పుడు దేవుడికి కృతజ్ఞతలు ఎలా చెప్తారు మీరంతా?

మారతహళ్ళి_మిర్చి:
అందరికీ నమస్తే. మాది గుంటూరు వైపు ఫిరంగిపురం, ఇక్కడ బెంగళూరులో సపోర్ట్ జాబ్, షిఫ్టులు మారుతూ ఉంటాయి. ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మ రోజూ సాయంత్రం కూర్చోబెట్టి జపమాల చెప్పించేది, ఇక్కడికొచ్చాక ఆదివారం చర్చిలో పూజకి వెళ్తే అదే గొప్ప. మొన్న ప్రసంగంలో ఫాదర్ గారు పౌలు గారు థెస్సలొనీకయులకు రాసిన మొదటి లేఖ తీసి, అన్ని పరిస్థితుల్లోనూ కృతజ్ఞతలు చెప్పమన్నాడు కదా అని చాలా బాగా చెప్పారు. సరే అనుకున్నా. సోమవారం హైక్ గురించి అడిగితే మా మేనేజర్ కూడా దాదాపు అదే మాట, "బయట లేఆఫ్‌లు చూస్తున్నావుగా, ఉద్యోగం ఉన్నందుకు సంతోషించు" అన్నాడు. వీకెండ్ ఆన్‌కాల్ చేసినదానికి ఇస్తామన్న అలవెన్స్ కూడా ఇంకా పడలేదు. ఇప్పుడు కృతజ్ఞత అన్న మాట వింటేనే చిరాకేస్తోంది. డైరీ కూడా కొని కొన్నాళ్ళు రాశా, ఆరోగ్యం, ఫ్యామిలీ, ఉద్యోగం, రోజూ అవే, హాజరు పట్టీలా తయారైంది. నిజంగా పనిరోజు మధ్యలో చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా చేస్తారో చెప్పండి, సలహాలు కాదు, మీరు చేసేది.

వార్డు_అక్క:
తమ్ముడూ, నేను ఇక్కడే ఒక హాస్పిటల్‌లో స్టాఫ్ నర్సుని, నాకూ షిఫ్టులే. మాకు ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక సిస్టర్ గారు పునీత ఇగ్నేషియస్ లొయోలా చెప్పిన ఆత్మపరిశీలన నేర్పించారు. అందులో ఐదు మెట్లు. మొదటిది కృతజ్ఞత, తర్వాత నన్ను నేను సరిగ్గా చూసుకునే వెలుగు ఇవ్వమని అడగడం, తర్వాత రోజంతా గంట గంటకీ వెనక్కి తిప్పి చూసుకోవడం, తప్పులకి క్షమాపణ, రేపటికి ఒక నిర్ణయం, చివర్లో 'పరలోకమందున్న మా తండ్రీ' అనే పరలోక జపం. నాకు నచ్చింది ఏంటంటే పాపాల లెక్క కంటే ముందు అందిన మేలు లెక్క పెట్టమన్నాడాయన. మనం చిన్నప్పటినుంచి పాపసంకీర్తనం, అదే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం, అంటే భయంతోనే పెరిగాం కదా, అందుకని ఇది తలకిందులుగా అనిపించింది నాకు.

డ్యూటీ అయ్యాక క్యాబ్‌లో చేస్తా, సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఎలాగూ ఆగిపోతాం. ఆరోగ్యం ఫ్యామిలీ లాంటి పెద్ద పెద్దవి అసలు పెట్టుకోను. ఆ షిఫ్టులో జరిగింది మాత్రమే. నిన్న ఒక పెద్దావిడకి నరం దొరకట్లేదు, చేతులు రెండూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి, ఇంక పొడవొద్దమ్మా అని ఏడుస్తోంది. మా జూనియర్ పిల్ల వేడినీళ్ళలో గుడ్డ తడిపి పిండి చేతి మీద కాసేపు వేసి ఉంచి, తర్వాత ఒక్క పొడుపుకే కాన్యులా ఎక్కించేసింది. దానికి దేవుడికి థాంక్స్ చెప్పా, హ్యాండోవర్ అయ్యాక ఆ పిల్లకి కూడా చెప్పా. మనిషికి చెప్పకుండా దేవుడికి మాత్రమే చెప్పుకుంటే సగమే అయినట్టు నాకు. ఏమీ దొరకని రోజులు కూడా ఉంటాయి, అప్పుడు కోపంగా ఉన్నా ప్రభువా అని చెప్పేసి పడుకుంటా, దాన్ని కూడా ప్రార్థన కిందే వేసుకుంటా.

లాజిక్_రెడ్డి:
ఇవన్నీ హెచ్ఆర్ వాళ్ళు పెట్టే వెల్‌నెస్ సెషన్లకి మతం రంగు పూసినట్టే ఉన్నాయి బ్రో. అలవెన్స్ రాలేదంటే మెయిల్ పెట్టు, ప్రార్థన ఎందుకు.

పీణ్యా_బాబాయ్:
రెడ్డి గారూ, మెయిల్ పెట్టమన్నది కరెక్టేనండి, కానీ అది మా మతం కూడా చెప్తుంది. 1891లో 13వ లియో పోపు గారు రేరుమ్ నోవారుమ్ అని ఒక విశ్వలేఖ, అంటే సభ అంతటికీ రాసే ఉత్తరం, ఇచ్చారు, ఫ్యాక్టరీ కార్మికుల గురించే. పనివాడికి రావాల్సిన కూలి ఎగ్గొట్టడం ఆకాశానికి మొరపెట్టే నేరం అన్నారు అందులో, యాకోబు లేఖలో ఉన్నదే ఆధారం. కార్మికులు సంఘాలు పెట్టుకోవడం వాళ్ళ హక్కు అని కూడా చెప్పారు. మే 1న కార్మికుడైన పునీత జోజప్ప గారి (యేసుని పెంచిన యోసేపు గారి) పండగ పెట్టింది కూడా 1955లో, 12వ పియూస్ పోపు గారు. మరి ఇంత చెప్పిన కేథలిక్ సభలో ఉండి, కృతజ్ఞత పేరు చెప్పి నోరు మూసుకోమంటే ఎలా కుదురుతుంది అబ్బాయ్. నీ ఉద్యోగం దేవుడిచ్చాడు అనుకో, తప్పులేదు, మీ మేనేజర్ దానం చేసినట్టు మాత్రం అనుకోకు. నువ్వు పని చేశావు, వాళ్ళు జీతం ఇచ్చారు, అక్కడికి చెల్లు.

నేను పీణ్యాలో మెషిన్ షాపులో చాలా ఏళ్ళు చేశా. నాకు డైరీలు గట్రా రావు. పూజలో అర్పణ వేళ ఫాదర్ గారు రొట్టె ఎత్తి, ఇది భూమి ఇచ్చింది, మనిషి చేతులు చేసింది అని చెప్పే ప్రార్థన ఉంటుంది కదా, అక్కడ మాత్రం ఆ వారం మెషిన్ మీద నా చేతుల మీదుగా పోయిన జాబులు, అంటే నేను కోసిన ముక్కలు, తలచుకుంటా. చేతులకి మెషిన్‌లో పోసే కూలెంట్ వాసన ఎంత సబ్బు పెట్టినా పోదు, ఆ వాసనతోనే చేతులు జోడించేవాడిని. సైజు కరెక్టుగా వచ్చినవీ, స్క్రాప్ అయినవీ అన్నీ అక్కడే పెట్టేసేవాడిని. అంతకు మించి నాకు పద్ధతేం లేదు.

గురువారం_గీత:
నేను కేథలిక్ కాదండి, హిందువులమే, కానీ గురువారం గురువారం వివేక్‌నగర్ బాలయేసు గుడికి వెళ్తుంటా, ఇక్కడ మాలాంటివాళ్ళు చాలామందే వస్తారు. అక్కడ నేను గమనించింది ఏంటంటే అడగడానికి వచ్చినవాళ్ళూ, అయిపోయింది అని చెప్పడానికి వచ్చినవాళ్ళూ అందరూ ఒకే కొవ్వొత్తి పట్టుకుని ఉంటారు, కానీ రెండోవాళ్ళు త్వరగా వెళ్ళిపోరు, ఊరికే అలా కూర్చుంటారు. మీ బైబిల్లో పదిమంది కుష్ఠరోగుల కథ ఉంది కదా, బాగైన పదిమందిలో తిరిగొచ్చింది ఒక్కడే, వాడు కూడా సమరీయుడు, బయటివాడు. ఆ కథ మా ఆఫీసులో కేరళ అమ్మాయి చెప్పింది. అప్పట్నుంచి బగ్ ఫిక్స్ చేసి ఇచ్చినవాళ్ళకి టికెట్ క్లోజ్ చేసేముందు ఒక లైన్ రాస్తున్నా, ఏం హెల్ప్ అయిందో పేరు పెట్టి. దేవుడి లెక్కలో పడుతుందో లేదో నాకు తెలీదు, కానీ మా డేటాబేస్ టీమ్ వాళ్ళు మాత్రం ఇప్పుడు నా టికెట్లు ముందు తీస్తున్నారు 😀

మారతహళ్ళి_మిర్చి:
అక్కా, బాబాయ్ గారూ, గీత గారూ చాలా థాంక్స్. రెడ్డి బ్రో నీక్కూడా, మెయిల్ ఈ రోజే పెట్టేశా, ఆన్‌కాల్ డేట్లు అన్నీ వేసి, హెచ్ఆర్‌ని సీసీలో పెట్టి. చేతులు కొంచెం వణికాయి. నైట్ పడిపోయిన సర్వర్‌ని నాతోపాటు తెల్లారేదాకా కూర్చుని లేపినతను ఒకడున్నాడు, ఒరియా కుర్రాడు, అతనికి ఇంతవరకూ ఒక్క మాట కూడా చెప్పలేదని అక్క పోస్ట్ చదివాక గుర్తొచ్చింది. రేపు అతనిదీ నాదీ ఒకే షిఫ్టు. అక్కా ఒక డౌట్, ఆ ఐదు మెట్లూ క్యాబ్‌లో చేస్తుంటే నిద్రొచ్చేస్తే ఏం చేస్తావ్?

వార్డు_అక్క:
నిద్రపోతా 😂 డ్రైవర్ అన్నకి మాత్రం మా గేటు దగ్గర లేపమని ముందే చెప్పిపెడతా.